షేర్ చేసే డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్) ఫైల్లోంచి ప్రాక్సీ ఆబ్జెక్టులు పూర్తిగా తీసేయడం ఎలా?

లేయర్‌జీరో అడిగారు:

అందరికీ నమస్తే. మేం స్ట్రక్చరల్ వైపు పనిచేస్తాం. ఆర్కిటెక్ట్ దగ్గర్నుంచి వచ్చిన ప్లాన్‌ను ఎక్స్‌రెఫ్‌గా (మా డ్రాయింగ్‌కి లింక్ చేసిన బయటి ఫైల్‌గా) పెట్టుకుని, దాని మీద గ్రిడ్లు, కాలమ్‌లు గీసి ఎలక్ట్రికల్ వాళ్లకీ ప్లంబింగ్ వాళ్లకీ పంపిస్తాం. ఆ ప్లాన్ ఫైల్ తెరిచిన ప్రతిసారీ ప్రాక్సీ ఇన్ఫర్మేషన్ అని ఒక బాక్స్ వస్తోంది, ఫలానా అప్లికేషన్ దొరకలేదు అంటోంది. మా దగ్గర ఉన్నది మామూలు ఆటోక్యాడ్. గోడలు కనిపిస్తాయి, కానీ స్ట్రెచ్ చేయబోతే కదలవు, కొన్నింటిని ఎక్స్‌ప్లోడ్ (విడి లైన్లుగా విడగొట్టడం) చేయనివ్వదు. ఎలక్ట్రికల్ వాళ్లు వాడేది వేరే క్యాడ్ ప్రోగ్రామ్, అందులో కొన్ని తలుపుల స్థానంలో ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నాయట.

వాడనివన్నీ తీసేసే పర్జ్ ఆల్ కొట్టాను, తప్పులు వెతికి సరిచేసే ఆడిట్ చేశాను, ఏమీ మారలేదు. పైగా ఆ ఫైల్లోంచి నాలుగు లైన్లు కాపీ చేసి కొత్త ఫైల్లో పేస్ట్ చేస్తే ఆ కొత్త ఫైల్ కూడా బరువెక్కిపోతోంది, సేవ్ చేయడానికే చాలాసేపు పడుతోంది. ప్రాక్సీనోటీస్ అనే సెట్టింగ్ సున్నా పెడితే బాక్స్ రావడం ఆగింది గానీ దానివల్ల ఫైల్ బాగుపడినట్టు కాదు కదా. ఎవరు ఏ ప్రోగ్రామ్‌లో తెరిచినా ఒకేలా కనిపించే ఫైల్ కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రిడ్‌లైన్ జవాబు:

మీ ఫైల్లో ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలండీ, కలిపి చూస్తే ఏదీ తేలదు.

మొదటిది ప్రాక్సీలు. ఆర్కిటెక్ట్ ఆ గోడల్ని ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ లాంటి ప్రోగ్రామ్‌లో గీసి ఉంటారు. అక్కడ గోడ అంటే లైన్ల గుంపు కాదు, మందం, ఎత్తు, స్టైల్ అన్నీ తెలిసిన ఒక ప్రత్యేక ఆబ్జెక్ట్. దాన్ని అర్థం చేసుకునే కోడ్ ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది, డ్రాయింగ్‌తో పాటు రాదు. ఆ కోడ్ లేని మెషీన్‌లో తెరిస్తే ఆటోక్యాడ్ ఆ డేటాను ముట్టుకోకుండా అలాగే దాచి, పైన ఒక బొమ్మ మాత్రం చూపిస్తుంది, అదే ప్రాక్సీ. ఈ సంగతి పాతదే, రిలీజ్ 13 రోజుల్లో వీటిని జాంబీలు అనేవాళ్లు, రిలీజ్ 14 నుంచి ప్రాక్సీలు అన్నారు. ఏ ప్రాక్సీని జరపొచ్చు, ఏది చెరపొచ్చు, ఏది రెండూ కుదరదు అన్నది ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లే ముందుగా నిర్ణయించి పెడతారు. అందుకే కొన్ని మీ మాట వింటాయి, కొన్ని వినవు. ఇక ఖాళీ డబ్బాల సంగతి: సేవ్ చేసినవాళ్ల దగ్గర ప్రాక్సీగ్రాఫిక్స్ అనే సెట్టింగ్ సున్నాగా ఉంటే ఆ బొమ్మ కూడా ఫైల్లోకి రాదు, చుట్టూ ఉండే డబ్బా మాత్రమే మిగులుతుంది. మీ దగ్గర బొమ్మ కనిపిస్తూ వాళ్ల దగ్గర డబ్బా వస్తోందంటే మాత్రం ముందు వాళ్ల ప్రోగ్రామ్‌లో ప్రాక్సీషో లాంటి సెట్టింగ్ ఏమైనా ఉందేమో చూడమనండి. ఆటోక్యాడ్‌లో అయితే అది 2 మీద ఉంటే డబ్బాలు, 1 మీద ఉంటే బొమ్మలు.

ఇప్పుడు అసలు విషయం. ప్రాక్సీ మీ మెషీన్‌లో ప్రాక్సీగానే ఉన్నంతసేపు దాన్ని నిజమైన లైన్లుగా మార్చే తెలివి మీ ఆటోక్యాడ్‌కి ఉండదు. ఆ తెలివి రావాలంటే ఆ కంపెనీ ఇచ్చే ఆబ్జెక్ట్ ఎనేబ్లర్ (ఆ ఆబ్జెక్టుల్ని అర్థం చేసుకునే అదనపు కోడ్) వేసుకోవాలి, లేదా మార్చే పని ఆర్కిటెక్ట్ దగ్గరే జరగాలి. రెండోదే మంచిది. వాళ్లను ఎక్స్‌పోర్ట్‌టుఆటోక్యాడ్ అనే కమాండ్ కొట్టమనండి. గోడలు, తలుపులు, స్లాబులు అన్నీ మామూలు లైన్లు, బ్లాకులుగా విడిపోయిన వేరే ఫైల్ తయారవుతుంది, అసలు ఫైల్ అలాగే ఉంటుంది. కొట్టేముందు పైనుంచి చూసే వ్యూలో, ప్లాన్‌కి సరిపడే డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌లో ఉన్నారో లేదో చూసుకోమని కూడా చెప్పండి, లేకపోతే మీకు అక్కర్లేని త్రీడీ ముక్కలు వచ్చి పడతాయి. సివిల్ త్రీడీ అనే ప్రోగ్రామ్ నుంచి వచ్చే సైట్ ప్లాన్లకైతే ఎక్స్‌పోర్ట్‌సీత్రీడీడ్రాయింగ్ అని విడిగా కమాండ్ ఉంది.

రెండో సమస్య బరువు. నాలుగు లైన్లతో పాటు బరువు కూడా వస్తోందంటే నా అనుమానం రెజ్‌యాప్‌ల (అప్లికేషన్లు ఫైల్లో నమోదు చేసుకునే పేర్ల) మీద, లేదా మైక్రోస్టేషన్ అనే వేరే క్యాడ్ ప్రోగ్రామ్ ఫైళ్లలోంచి దిగుమతైన డీజీఎన్ లైన్‌టైప్‌ల (గీతల శైలుల) మీద. ఈ రెండూ కాపీ పేస్ట్‌తో ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి పాకుతాయి. మామూలు పర్జ్ ఆల్‌తో ఇవి పోకపోతే ముందు హైఫన్ పెట్టి పర్జ్ అని టైప్ చేయండి, కమాండ్ లైన్లో రెజ్‌యాప్స్ అని ఒకటి, ఆర్ఫన్డ్ డేటా (దేనికీ చెందకుండా మిగిలిపోయిన డేటా) అని ఒకటి కనిపిస్తాయి. రెండూ విడివిడిగా నడపండి. ఎక్స్‌రెఫ్‌లుగా ఉన్న ఫైళ్లకు ఇది పైనుంచి వర్తించదు, ఒక్కో ఫైల్ తెరిచి చేయాల్సిందే.

స్క్రిప్ట్‌గురు జవాబు:

ఇంత కష్టం ఎందుకు బ్రో, ఆర్12 డీఎక్స్ఎఫ్‌గా (పాత రిలీజ్ 12 నాటి, టెక్స్ట్ రూపంలోని డ్రాయింగ్ ఫార్మాట్) సేవ్ చేసి మళ్లీ తెరవండి, ప్రాక్సీలన్నీ పోతాయి. ఆ ఫార్మాట్‌లో కస్టమ్ ఆబ్జెక్టులకు చోటే లేదు. ఆర్కిటెక్ట్‌ని బతిమాలే పని కూడా ఉండదు.

గ్రిడ్‌లైన్ జవాబు:

అది నేను ఎవరికీ చెప్పను. ఆర్12లో ప్రాక్సీలతో పాటు మీకు కావాల్సినవి కూడా పోతాయి. ఎంటెక్స్ట్ (పేరాగా రాసిన టెక్స్ట్) విడి టెక్స్ట్ ముక్కలవుతుంది, లేఅవుట్లు ఎన్ని ఉన్నా ఆ ఫార్మాట్‌కి తెలిసిన పేపర్ స్పేస్ (ప్రింట్ షీట్) ఒక్కటే, డైనమిక్ బ్లాకులు మామూలు బ్లాకులైపోతాయి. బేస్ ప్లాన్‌ను ఒక్కసారి చూసి పక్కన పడేసేదైతే సరే. నెలల తరబడి నలుగురు వాడే ఫైల్‌కి ఆ పని చేస్తే ఏ టెక్స్ట్ ఎక్కడ విరిగిందో వెతుక్కోవడమే సరిపోతుంది.

డీఎక్స్ఎఫ్ దేనికి పనికొస్తుందంటే, శుభ్రమైందో లేదో చూసుకోవడానికి. ఆర్కిటెక్ట్ పంపిన కొత్త ఫైల్‌ను ఇప్పటి ఫార్మాట్‌లోనే డీఎక్స్ఎఫ్‌గా ఒక కాపీ సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే హెడర్ అయిపోయాక క్లాసెస్ అని ఒక సెక్షన్ ఉంటుంది. ఒక్కో క్లాస్ కింద 1 అనే కోడ్ తర్వాతి లైన్లో దాని పేరు, 3 తర్వాత అది ఏ అప్లికేషన్‌దో, 91 తర్వాత ఆ రకం ఆబ్జెక్టులు డ్రాయింగ్‌లో ఎన్ని ఉన్నాయో, 280 తర్వాత 1 ఉంటే ఆ కోడ్ మీ మెషీన్‌లో లోడ్ కాలేదని అర్థం. ఏఈసీ అండర్‌స్కోర్ వాల్ (ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ గోడ) లాంటి పేరు కనిపించి 91 కింద సున్నా కాకుండా వేరే అంకె ఉంటే గోడలు ఇంకా మారలేదు. ఏఈసీసీతో మొదలయ్యేవి సివిల్ త్రీడీవి. ఆబ్జెక్ట్‌డీబీఎక్స్ క్లాసెస్ అని ఉన్నవాటిని చూసి టెన్షన్ పడకండి, అవి ఆటోక్యాడ్ సొంతవే.

ప్లాట్‌షీట్ జవాబు:

పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ ప్రాక్సీలు పోయినంత మాత్రాన ఫైల్ దేని మీదా ఆధారపడటం లేదని అనుకోకండి. గొడవ ఎక్కువగా వచ్చేది ఫాంట్లతోనే. ఆర్కిటెక్ట్ ఆఫీసులో సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ (ఆటోక్యాడ్ రకం) ఫాంట్ వాడితే, అది లేని చోట ఆటోక్యాడ్ దాని బదులు సింప్లెక్స్ అనే ఫాంట్ పెట్టేస్తుంది, అక్షరాల వెడల్పు మారి డైమెన్షన్ టెక్స్ట్ పక్క లైన్ల మీద పడుతుంది. లైన్‌టైప్‌లలో గుర్తులు ఉంటే వాటికీ షేప్ ఫైల్ విడిగా కావాలి, అది లేకపోతే గ్యాస్ లైన్‌కీ నీటి లైన్‌కీ తేడా తెలీదు. రూమ్ షెడ్యూల్ ఎక్సెల్ నుంచి డేటా లింక్‌గా వచ్చి ఉంటే ఆ లింక్ తెంపి మామూలు టేబుల్‌గా వదలమనండి. ఈట్రాన్స్‌మిట్ అనే కమాండ్‌తో జిప్‌గా ప్యాక్ చేస్తే ఏమేం ఫైళ్లు కావాలో రిపోర్ట్ వస్తుంది, జిప్ తెరిచేముందు దాన్ని చదవడం అలవాటు చేసుకోండి.

ఇంకొకటి, ఇది సెక్యూరిటీ విషయం కాబట్టి గట్టిగానే చెబుతున్నా. జిప్‌లో డ్రాయింగ్‌ల పక్కన ఎకాడ్.ఎల్‌ఎస్‌పీ, ఎకాడ్‌డాక్.ఎల్‌ఎస్‌పీ, ఎకాడ్.ఫాస్ లాంటి ఫైళ్లు కనిపిస్తే తెరవకుండా తీసేసి, పంపినవాళ్లకు చెప్పండి. డ్రాయింగ్‌తో పాటే తమంతట తాము లోడ్ అయ్యే ఫైళ్లు ఇవి, ఆటోక్యాడ్ వైరస్‌లు ఈ దారిలోనే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి పాకాయి. ఆటోక్యాడ్ 2014 నుంచి సెక్యూర్‌లోడ్ అనే సెట్టింగ్ వీటిని ఆపి అడుగుతుంది. విసుగొచ్చి దాన్ని సున్నా చేసుకున్నవాళ్లుంటే మళ్లీ 1కి తెచ్చుకోండి.

లేయర్‌జీరో జవాబు:

చాలా థాంక్సండీ. హైఫన్ పర్జ్‌తో రెజ్‌యాప్‌లు, ఆర్ఫన్డ్ డేటా తీసేశాక మా వైపు ఫైళ్లు తేలికయ్యాయి, కాపీ పేస్ట్ కూడా మామూలుగా అవుతోంది. డీఎక్స్ఎఫ్‌లో చూస్తే ఏఈసీ వాల్, ఏఈసీ డోర్ రెండూ దొరికాయి, 280 కింద 1 ఉంది. ఆర్కిటెక్ట్‌ను అడిగితే చేస్తామన్నారు గానీ వాళ్ల భయం ఒకటుంది: ప్లాన్ వారం వారం మారుతుంది, మార్చిన ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండు రకాల ఫైళ్లు తిరుగుతాయి, ఎవరో ఒకరు ఎక్స్‌పోర్ట్ కాపీలోనే గోడ జరిపేస్తారు అంటున్నారు.

గ్రిడ్‌లైన్ జవాబు:

వాళ్ల భయం న్యాయమైనదే. ఎక్స్‌పోర్ట్ కాపీని ఎవరూ ఎడిట్ చేయకూడదని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి, ఫోల్డర్‌ను రీడ్ ఓన్లీ చేయించండి. ఆ కమాండ్ ఫైల్ పేరుకి ముందు ఎకాడ్ అని తనే తగిలిస్తుంది, దాన్ని మార్చొద్దు, ప్రతిసారీ అదే పేరుతో పాతదాని మీద రాయనివ్వండి, అప్పుడు మీ ఎక్స్‌రెఫ్ పాత్ తెగదు, రీలోడ్ కొడితే చాలు. ఈట్రాన్స్‌మిట్ సెటప్‌లో ఏఈసీ ఆబ్జెక్టుల్ని ఎక్స్‌ప్లోడ్ చేసి సేవ్ చేసే ఫార్మాట్ కూడా ఉంది. వాళ్లు అది ఒకసారి సెట్ చేసి పెట్టుకుంటే ఇష్యూ పంపేటప్పుడే శుభ్రమైన కాపీ తయారైపోతుంది, విడిగా గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని ఉండదు.