ఫెరిటిన్ 9, బీ12 141: పరుగు కోసం మాంసం మొదలుపెట్టాలా?

కూకట్‌పల్లి_పరుగు
అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి శాకాహారమే, గుడ్డు కూడా ముట్టను. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (21 కిలోమీటర్లు) పరిగెత్తాలని రెండేళ్ల కోరిక. మూడు నెలలుగా ఒంట్లో ఏదో తేడా. ఇదివరకు కబుర్లు చెప్పుకుంటూ 5 కిలోమీటర్లు వెళ్లేదాన్ని, ఇప్పుడు ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి ఆయాసం. అరికాళ్లు ఎప్పుడూ తిమ్మిరిగానే ఉంటున్నాయి. మొన్న మెట్లు దిగుతుంటే కుడికాలి చెప్పు జారి పైమెట్టు మీదే ఉండిపోయింది. పక్కింటావిడ పిలిచి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ రోజు భయమేసి టెస్టులు చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 12.1, ఫెరిటిన్ 9, బీ12 విటమిన్ 141. చివరి రెండూ తక్కువేనట. డాక్టరుగారు బీ12 ఇంజెక్షన్లు, ఐరన్ మాత్రలు రాశారు. జిమ్‌లో మాత్రం ఒకటే మాట, చికెన్ తిను అని. అది నా వల్ల కాదు. తినకుండానే గట్టిపడినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

భీమవరం_రైడర్
అక్కా, నేను కబడ్డీ ఆడతాను. వారానికి నాలుగు రోజులు చేపో, చికెనో ఉండాల్సిందే. అయినా పోయినేడాది నా బీ12 160. డాక్టరుగారు తిండి గురించి అడగలేదు, "ఏం మాత్రలు వాడుతున్నావు?" అన్నారు. నాలుగేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర. కడుపులో యాసిడ్ తగ్గితే మాంసంలో ఉన్న బీ12 సరిగ్గా విడిపడదట, ఇక ఒంటికి పట్టేదెక్కడ? మాంసం తింటున్నాను కదా అనే ధీమాతో ఏడాది పాటు తిమ్మిర్లను పట్టించుకోలేదు. మీరు త్వరగా చూపించుకున్నారు, మంచిపని చేశారు.

దండు_వ్యాయామశాల
ఎవరేం చెప్పినా, మాంసం తినకుండా కండ రాదమ్మా. పప్పన్నంతో 21 కిలోమీటర్లా?

డాలస్_బావ
అన్నా, అమెరికా పరుగువీరుడు స్కాట్ జురెక్ పాలు, గుడ్లు కూడా లేకుండా 160 కిలోమీటర్ల వెస్టర్న్ స్టేట్స్ పరుగును 1999 నుంచి 2005 దాకా వరుసగా 7 సార్లు గెలిచాడు. కాబట్టి అసాధ్యమైతే కాదు. అలాగని తేలికా కాదు. నేనూ అలా పాలు, గుడ్లు కూడా మానేసి వీగన్‌గా మారి ఆరేళ్లయింది. మొదటి ఏడాది సలాడ్లు తిని 6 కిలోలు తగ్గాను, ప్రతి నెలా ఏదో ఒక గాయం. తిండే సరిపోలేదు, అంతే. ఇప్పుడు అన్నం, పప్పు, టోఫు కడుపునిండా తింటాను. కండరాలకు శక్తినిచ్చే క్రియేటిన్ రోజుకి 3 గ్రాములు వేసుకుంటాను, మాంసం తిననివాళ్ల కండరాల్లో అది తక్కువ ఉంటుంది. బీ12 మాత్ర మాత్రం ఒక్కవారం కూడా మానను. స్పిరులినా అనే నాచు పొడిలో బీ12 ఉంటుందని నమ్మి మొదట్లో మోసపోయాను. అందులో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికొచ్చే రకం కాదు.

హాస్టల్_వంటిల్లు
నేను ఒక స్పోర్ట్స్ హాస్టల్‌లో పిల్లల తిండి చూస్తాను. అమ్మా, మీ హిమోగ్లోబిన్ 12 దాటింది కాబట్టి చాలామంది "రక్తం బాగానే ఉంది" అనేస్తారు. ఫెరిటిన్ అంటే దాచుకున్న ఇనుము. పెద్దవాళ్లలో 15 కన్నా తగ్గితే లోటు కిందే లెక్క. పరిగెత్తేవాళ్లకు పాదం నేలకు కొట్టుకుని కొన్ని ఎర్రకణాలు చితుకుతాయి, చెమటలో కొంత పోతుంది, ఆడపిల్లలకు నెలసరి ఉండనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో ఆడవాళ్లకు రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్లకు 19. మాంసంలోది తేలిగ్గా ఒంటబడుతుంది, మన పప్పు, ఆకుకూరల్లోది అంతగా పట్టదు. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పెరుగుతుంది. టీ, కాఫీ పక్కనే తాగితే తగ్గిపోతుంది. మా పిల్లల్లో ఎక్కువమందికి నేను మాన్పించింది ఆ టీనే.
ఇంకో మాట. ఆకుకూరలు బాగా తింటే ఫోలేట్ అనే మరో బీ విటమిన్ దండిగా అందుతుంది. అప్పుడు బీ12 తగ్గినా రక్తంలో బయటపడకుండా నరాలు లోలోపల దెబ్బతినొచ్చు. మీ తిమ్మిర్లు అలాంటివే కావచ్చు, ఇంజెక్షన్లు మధ్యలో ఆపకండి.

కూకట్‌పల్లి_పరుగు
గుండె ఝల్లుమంది. పొద్దున పరుగు నుంచి రాగానే ఉప్మా, ఆ వెంటనే పెద్ద గ్లాసుడు ఫిల్టర్ కాఫీ. ఐరన్ మాత్ర కూడా ఆ కాఫీతోనే మింగుతున్నాను!

షటిల్_అమ్మ
మా పాపకు 14. రోజూ రెండు గుడ్లు, వారానికి రెండుసార్లు చికెన్. అయినా డి విటమిన్ 11 మాత్రమే వచ్చింది, తక్కువట. తెల్లవారకముందే ఇండోర్ కోర్టు, తర్వాత బడి, సాయంత్రం మళ్లీ కోర్టు. పిల్లకు ఎండే తగలడంలేదు. గుడ్డు పెడుతున్నాను కదా అని నేనూ నిశ్చింతగా ఉన్నాను. రెండు మోకాళ్లు నొప్పి అంటే వయసు వల్లే అనుకున్నాం. కాల్షియం కోసం రాగిజావ కూడా మొదలుపెట్టాను.

దండు_వ్యాయామశాల
అమ్మా, నా మాట కాస్త దురుసుగా వచ్చింది, ఏమీ అనుకోవద్దు. నేనూ రేపు బీ12 చూపించుకుంటాను. కానీ ప్రోటీన్ సంగతి ఎవరూ చెప్పలేదు. కిలో బరువుకి కనీసం 1.2 గ్రాములన్నా పడాలి. పల్చటి పప్పుచారుతో అది రాదు.

హాస్టల్_వంటిల్లు
నిజమే. గరిటెడు పప్పులో ఉండేది కొంచెమే. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. పూటకు గుప్పెడు వేసుకున్నా తేడా తెలుస్తుంది.

కూకట్‌పల్లి_పరుగు (పది వారాల తర్వాత)
ఫెరిటిన్ 28, బీ12 మామూలుకొచ్చింది. కాఫీ 11 గంటలకు జరిపాను. ఐరన్ మాత్ర డాక్టరుగారి సలహాతో రోజు విడిచి రోజు, నిమ్మరసంతో. ఆదివారం ఫ్లైఓవర్ నడవకుండా ఎక్కాను, పైకి చేరాక ఏడుపొచ్చేసింది. బొటనవేళ్లలో తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. ఈసారికి హాఫ్ మానేసి 10 కిలోమీటర్లే పరిగెడతాను. ఒక్కటే కష్టం, మీల్ మేకర్ వాసన మా ఇంట్లో ఎవరికీ పడటంలేదు.

షటిల్_అమ్మ
ఉప్పేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, చన్నీళ్లలో కడిగి మళ్లీ పిండమ్మా. తర్వాత అల్లం వెల్లుల్లితో నూనెలో ఎర్రగా వేయించి, అప్పుడు గోంగూరలో వేయి.