షాటో వ్లాగర్లకు నెలనెలా డబ్బు కడుతున్నాం సరే, వాళ్ల ఇంటి గుట్టు అడిగే హక్కు మనకుందా?

పెంకుటిల్లు
ఫ్రాన్స్‌లో పాడుబడ్డ పాత కోటలు కొని, బాగుచేసుకుంటూ వీడియోలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ ఆ కోటలను షాటో అంటారు. నాకు ఈ పిచ్చి పట్టింది లాక్‌డౌన్‌లో. ముందు డిక్, ఏంజెల్ స్ట్రాబ్రిడ్జ్ దంపతుల కార్యక్రమం చూశాను. 2015లో 45 గదుల షాటోని 2,80,000 పౌండ్లకు కొన్నారు. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టాలు ఏవీ లేవు. 2016 నుంచి 2022 దాకా బ్రిటన్ టీవీ ఛానెల్ 4లో ఆ కథే. తర్వాత లాలాండ్ షాటోలో ఉండే స్టెఫనీ జార్విస్ యూట్యూబ్ వీడియోలు. అక్కడి నుంచి ఇంకా చిన్న ఛానెళ్లకు వెళ్లాను.

వాటిలో ఒకదానికి మూడేళ్లుగా పేట్రియాన్‌లో, అంటే అభిమానులు నెలనెలా చందా కట్టే సైటులో, నెలకు 5 యూరోలు కడుతున్నాను. పేరు చెప్పను. రెండు నెలలుగా ఆ ఇంటాయన వీడియోల్లో కనబడట్లేదు. ఆ ఛానెల్ చూసేవాళ్లందరూ చేరిన గ్రూపు ఒకటుంది. అందులో ఇప్పుడు షాటో పైకప్పు గురించి మాట్లాడేవాళ్లే లేరు. విడిపోయారట, డబ్బంతా అయిపోయిందట, షాటో అమ్మకానికి పెట్టారట. ఒకరు వీడియో ఆపి, ఆవిడ చేతిని పెద్దది చేసి, ఉంగరం లేదని ఫోటో పెట్టారు. రాత్రి ఒంటిగంటకు నేను కూడా ఆ వీడియో తెరిచి అదే చోట ఆపి చూశాను. ఉంగరం ఉందా లేదా అని. చూశాక మనసు అదోలా అయిపోయింది.

అందుకే అడుగుతున్నాను. డబ్బు కట్టేవాళ్లం కదా, ఎంతవరకు అడగొచ్చు?

లెక్కల మాస్టారు
అడగొచ్చు, ఎందుకు అడగకూడదు? పెళ్లి వీడియో పెట్టింది వాళ్లే, బిడ్డ పుడితే పెట్టింది వాళ్లే. పొద్దున కాఫీ దగ్గర్నుంచి రాత్రి నిద్ర దాకా చూపించి, దాని మీద సంపాదించి, కష్టం రాగానే తలుపేసుకుంటామంటే ఎలా? నెలకు 5 యూరోల చొప్పున రెండువేల మంది కడితే 10,000 యూరోలు. చిన్న మొత్తమా? ఊళ్లో గుడికి చందా ఇస్తే రసీదు తీసుకుంటాం, కట్టాక గోపురం ఎంతవరకు లేచిందో వెళ్లి చూసుకుంటాం. "పైకప్పు కోసం" అని ప్రత్యేకంగా అడిగి తీసుకున్నారంటే ఆ కప్పు ఏదీ అని అడిగి తీరాలి.

తులూజ్ కుర్రాడు
మాస్టారూ, నేను ఫ్రాన్స్‌లోనే, తులూజ్‌లో ఉంటాను, విమానాల కంపెనీలో ఉద్యోగం. ఇక్కడి సంగతి కొంచెం చెప్తాను.

గోడలు, కప్పు మనం అనుకున్నంత తొందరగా కావు. మొనుమాన్ ఇస్తోరిక్ జాబితాలో రక్షిత కట్టడంగా చేరితే, ప్రభుత్వ అనుమతి లేకుండా సొంతదారు ఇష్టమొచ్చినట్టు పని చేయించడానికి లేదు. అర్జీలు, నక్షాలు, అధికారుల పరిశీలన, ఇవన్నీ అయ్యాకే పని. ఇక్కడికి దక్షిణంగా, అండోర్రా వెళ్లే దారిలో గుడాన్ షాటో ఉంది. 2013లో ఒక ఆస్ట్రేలియా కుటుంబం కొన్నది. 94 గదులు. కప్పు కూలి, కింది అంతస్తులను కూడా లాక్కుని పడిపోయి ఉంది. నేనొకసారి ఆ దారిలో వెళ్తూ బండి ఆపి చూశాను. కొండల మధ్య, నాలుగు మూలలా నాలుగు బురుజులతో ఉంటుంది. ఫోన్‌లో చూస్తే అందమైన గదులే గుర్తుంటాయి. ఎదురుగా నిలబడితే మాత్రం ఆ కప్పు ఎన్ని చదరపు మీటర్లు ఉంటుందా, ఎన్ని స్లేట్ పలకలు పడతాయా అన్న ఆలోచన తప్ప ఇంకేం రాదు.

దానికి తోడు తేమ. మేర్యూల్ అనే బూజు ఒకటుంది, చెక్కను తినేస్తుంది. తడి దొరికితే రాతిగోడ సందుల్లోంచి కూడా పక్కగదిలోకి పాకుతుంది. ఇంట్లో అది ఉందని తెలిస్తే మునిసిపాలిటీకి చెప్పాలని 2014 నుంచి చట్టమే ఉంది. అది బయటపడ్డ గదిలో అప్పటిదాకా చేసిన పనంతా పీకాల్సిందే. "ఆర్నెల్లుగా అదే గది, డబ్బు ఏమైంది" అనేవాళ్లు గోడ వెనకాల ఏముందో కూడా ఆలోచించాలి.

ఇంకొకటి. చందా, వాటా ఒకటి కావు. 2017లో మోత్ షాందెనియే అనే షాటో కోసం ఆన్‌లైన్‌లో డబ్బు పోగుచేశారు. 1932లో కాలిపోయి, లోపల చెట్లు మొలిచిన కోట అది. 50 యూరోల నుంచి పెట్టి 18 వేల మందికి పైగా కొన్నారు, 16 లక్షల యూరోలు వచ్చాయి. వాళ్లు నిజంగా సహ యజమానులు, లెక్క అడిగే హక్కు కాగితం మీదే ఉంది. పేట్రియాన్‌లో మనం కట్టేది వాటా కాదు. నచ్చితే కడతాం, నచ్చకపోతే ఈ నెలే ఆపేస్తాం.

రావిచెట్టు
తమ్ముడు చెప్పింది బాగుంది. కానీ గాసిప్ అంటే అందరూ ఎందుకంత భయపడతారో నాకర్థం కాదు. అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే కబుర్లే కదా ఇవి. ఆ కబుర్లలోంచే నిజాలు బయటపడ్డాయి కూడా. డబ్బు తీసుకుని రంగు డబ్బానో పరుపునో పొగుడుతూ "మాకు చాలా ఇష్టం" అన్న వ్లాగర్లను ముందు పట్టుకున్నది ఇలా చూసేవాళ్లే. ఫ్రాన్స్ 2023 జూన్‌లో చట్టం చేసింది, డబ్బు తీసుకుని చూపిస్తే అది ప్రకటన అని తెర మీద రాయాలని. షాటోలో భోజనం, పడక ఇచ్చి, జీతం లేకుండా పనిచేయించుకునేవాళ్లు ఉన్నారు. దాని మీద ప్రశ్న లేవనెత్తేదీ గాసిప్ గ్రూపులే. నోరు మూసుకుని లైక్ కొడుతూ ఉంటే ఇవి ఎవరు అడుగుతారు?

లెక్కల మాస్టారు
అదే నేననేది. జీతం లేని పని సంగతి బాగా అన్నారు.

మండువా
ఇక్కడ రాయకూడదనుకున్నాను. ఉంగరం దగ్గర ఆగిపోయాను, అందుకే రాస్తున్నాను.

మాది కోనసీమ. మా మామగారి తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉండేది. నడిమధ్య ఆకాశం కనబడే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, పైన నాటు పెంకు. ఉత్తరం వైపు వాసాలు చెదలు పట్టి వంగిపోయాయి. అమ్మేద్దామన్నారు అందరూ. నేనూ మావారూ బాగుచేయిద్దామనుకున్నాం. ఈ షాటో వీడియోలు చూసే ధైర్యం వచ్చింది, అబద్ధం చెప్పను. నేనూ ఒక ఛానెల్ పెట్టాను. పెంకులు దింపడం, దూలం మార్చడం, గోడకున్న సిమెంటు చెక్కి మళ్లీ సున్నం వేయడం, అన్నీ ఫోన్‌తో తీసి పెట్టేదాన్ని. నాలుగైదు వేల మంది చూసేవాళ్లు.

మొదటి పది వీడియోల్లో మావారు ఉన్నారు. తర్వాత లేరు. ఆయనకు కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు కాకినాడలో డయాలసిస్. ఎవరికీ చెప్పలేదు. పిల్లకి సంబంధాలు చూస్తున్న రోజులు, అప్పుడే ఊరందరికీ తెలియడం ఎందుకన్నారు ఆయన.

కామెంట్లు మొదలయ్యాయి. "మీవారు ఏరండీ?" అని మామూలుగానే. నేను జవాబివ్వలేదు. తర్వాత "గొడవలున్నట్టున్నాయి", "మేస్త్రీలతో ఆవిడొక్కతే ఉంటోంది, ఆయన ఊరుకున్నాడా" అని. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో వేశారు. రావులపాలెం నుంచి మా పిన్ని ఫోన్ చేసి "ఏమ్మా, ఇల్లు సరే, కాపురం బాగుందా" అని అడిగింది.

నాకంటే ముందు అవి చదివింది ఆయన. డయాలసిస్ మంచం మీద నాలుగ్గంటలు ఏం చేస్తారు, ఫోనే కదా. ఇంటికొచ్చి "రేపు నన్ను తియ్యి, దూలాల కింద నిలబడతాను" అన్నారు. వద్దన్నాను. వినలేదు. ఎడమ చేతికి కట్టు ఉండేది, అది కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మే నెల ఎండలో మండువాలో నిలబడి రెండు నిమిషాలు కొత్త వాసాల గురించి చెప్పారు. చెమట తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ వీడియో కింద వచ్చిన మొదటి కామెంటు: "బాగా చిక్కిపోయారే, తాగుతారా?"

ఆ రాత్రే ఛానెల్ తీసేశాను. ఇల్లు మాత్రం పూర్తి చేశాం.

సున్నం ఎంత, పెంకు ఎక్కడ కొన్నారు, మేస్త్రీకి ఎంతిచ్చారు అని అడిగితే నాకు ఎంత సంతోషంగా ఉండేదో! కూలి లెక్కలు కూడా చెప్పేదాన్ని. మనిషి ఎందుకు కనబడట్లేదో మాత్రం అడగకండి. చెప్పుకోగలిగితే వాళ్లే చెప్పేవాళ్లు.

రావిచెట్టు
అక్కా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను పైన రాసినవి ఇలాంటివాళ్లను ఉద్దేశించి కాదు. ఒక్కటే అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీరు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు కదా. వీళ్లు తీసుకుంటున్నారు.

మండువా
తప్పేం లేదు తమ్ముడూ. తీసుకోలేదు. ఒకవేళ నెలకు నాలుగువందలు మీరు నాకు ఇచ్చి ఉంటే, పెంకులకు ఇచ్చారు కదా? మావారి చేతి కట్టు చూపించడానికి ఇచ్చారా?

లెక్కల మాస్టారు
అమ్మా, నేను రాసిన దాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటాను. కష్టం రాగానే తలుపేసుకోవడం తప్పన్నాను. అది తప్పు కాదు. కప్పు లెక్క మాత్రం వదిలిపెట్టను. మనిషి కనబడకపోయినా, కప్పుకని తీసుకున్న డబ్బు ఎక్కడికి వెళ్లిందో ఒక పేజీ రాసి పెట్టొచ్చు. అది పెట్టకపోవడం వల్లే సగం పుకార్లు పుడుతున్నాయని ఇప్పటికీ నా నమ్మకం.

తులూజ్ కుర్రాడు
లెక్క విషయంలో మాస్టారితో నేనూ ఏకీభవిస్తాను. పుకార్ల సంగతికొస్తే, ఇక్కడి సివిల్ కోడ్ తొమ్మిదో అధికరణ ప్రకారం ప్రతి మనిషికీ తన సొంత జీవితానికి గౌరవం దక్కే హక్కుంది. కెమెరా ముందుకొచ్చినంత మాత్రాన అది పోదు. ఉత్తర ఐర్లండ్‌లో అయితే, వ్లాగర్ల మీద కబుర్లకే నడిచే టాటిల్ లైఫ్ అనే వేదిక మీద ఒక జంట పరువునష్టం కేసు గెలిచింది. 3 లక్షల పౌండ్ల పరిహారం. మారుపేరుతో దాన్ని నడిపిన మనిషి ఎవరో 2025లో అందరికీ తెలిసిపోయింది. పేరు దాచుకుని రాస్తున్నాం, మనల్నెవరు పట్టుకుంటారు అనుకునేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి.

కామారెడ్డి బిడ్డ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. షాటోలకు యూరోలు కట్టేవాళ్లు మన గడీలను కూడా ఒకసారి చూడండి. మా జిల్లాలో దోమకొండ గడీని సొంత కుటుంబమే బాగుచేయించింది, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఎన్నో గడీలు గోడల్లో రావిమొక్కలు మొలిచి కూలిపోతున్నాయి. వాటి గురించి వీడియో తీసేవాడే లేడు.

పెంకుటిల్లు
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి రెండు పనులు చేశాను. ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. తర్వాత ఆ ఛానెల్ ఆవిడకే నేరుగా రాశాను: "మూడేళ్లుగా కడుతున్నాను, కప్పు కోసమని అడిగిన డబ్బుతో ఎంతవరకు పని అయింది?" అని. ఇంకేమీ అడగలేదు.

పొద్దున్నే జవాబు వచ్చింది. స్లేట్ పని చేసే మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితం ఫోటో పంపింది. తూర్పు వైపు సగానికి డబ్బు సరిపోయింది, పడమటి వైపుకి అనుమతి రావాలి, వచ్చినా ఆ మేస్త్రీకి వచ్చే వసంతం దాకా ఖాళీ లేదు. చివర్లో "కప్పు గురించి అడిగినందుకు థాంక్స్, ఈమధ్య ఎవరూ అడగట్లేదు" అని రాసింది. నా 5 యూరోలు కడుతూనే ఉంటాను. మాస్టారు అన్నట్టు ఆ అంచనా అందరికీ కనబడేలా పెట్టమని కూడా అడిగాను. పెడతానంది.

మండువా అక్కా, మీరు గోడకున్న సిమెంటు చెక్కించి సున్నం వేయించానన్నారు. మా అమ్మమ్మగారి ఇంట్లో కూడా సిమెంటు వేసిన గోడ ఒకటి ఉబ్బి, పెచ్చులు ఊడుతోంది. గానుగ సున్నం పని చేసే మేస్త్రీలు ఇప్పుడు దొరుకుతున్నారా? మీరు ఏం కలిపించారు?

మండువా
దొరుకుతారు, కానీ వెతకాలి. పాత గుళ్ల మరమ్మతు జరుగుతున్న చోటికి వెళ్లి అడగండి, అక్కడ పనిచేసేవాళ్లకు తెలుస్తుంది. మాకు సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపారు. ముందు సిమెంటు మొత్తం చెక్కించి గోడను కొన్ని నెలలు అలా వదిలేయండి, లోపలి చెమ్మ అంతా బయటికి రావాలి. వానల ముందు మాత్రం మొదలుపెట్టొద్దు. గోడ ఫోటో ఒకటి పంపండి, మా మేస్త్రీకి చూపిస్తాను.