తక్కువ బరువుల దగ్గర వెబర్ నియమం ఎందుకు కుదరడం లేదు?

రెండు బరువుల మధ్య తేడా తెలియాలంటే, ఆ తేడా అసలు బరువులో ఎప్పుడూ ఒకే వంతు ఉండాలి. వెబర్ నియమం చెప్పేది ఇదే కదా. దీన్ని ఇంట్లో పరీక్షిద్దామని మొదలుపెట్టి, 3 వారాలుగా ఒక్కచోటే ఆగిపోయాను.

కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి ఇసుక పోసిన రెండు డబ్బాలను ఒకదాని తర్వాత ఒకటి కుడిచేత్తో ఎత్తి, ఏది బరువో చెప్పాలి. "తెలీదు" అనకూడదు, ఊహించైనా చెప్పాల్సిందే. ఒక్కో జతకు 20 సార్లు; 15 సరైతే తేడా తెలిసినట్టు లెక్క.

డబ్బాతో కలిపి 400 గ్రాముల దగ్గర 16 గ్రాముల తేడా తెలిసింది, 200 దగ్గర 8. రెండూ 4 శాతమే! ఆ లెక్కన 50 దగ్గర 2 గ్రాములు చాలాలి. కానీ 6 గ్రాములు కలిపితే గానీ ముగ్గురిలో ఎవరికీ తెలియడం లేదు. అంటే 12 శాతం.

మొదట్లో 50 గ్రాములకు చిన్న డబ్బాలు వాడాను. ఒకే బరువున్నా చిన్నది ఎక్కువ బరువనిపిస్తుందని గుర్తొచ్చి (అది నా తెలివితక్కువతనమే) అన్నీ ఒకే సైజుకు మార్చాను. ఎత్తే వరుసను సగంసార్లు తిప్పాను. 1 గ్రాము తేడా చూపే కాటా తీసేసి 0.1 గ్రాము చూపేది పెట్టాను. ప్రతి 10 సార్లకు 2 నిమిషాల విరామం కూడా ఇచ్చాను. ఫలితం మాత్రం కదల్లేదు.

ఇంత తక్కువ బరువుల దగ్గర వెబర్ నియమమే పట్టు తప్పుతుందా, లేక నా పద్ధతిలోనే ఇంకా లోపం ఉందా?