ఉపోద్ఘాతం: తర్వాతి నాలుగక్షరాలేమిటి?

అరసున్న: ఉపోద్ఘాతమంటే ఏమిటో చెప్పే శ్లోకంలో «చింతాం ప్రకృతసిద్ధ్యర్థాముపోద్ఘాతం...» తర్వాత ‘విదుర్బుధాః’ అనా, ‘ప్రచక్షతే’ అనా? సభాధ్యక్షుడి తొలిపలుకులకు ఈ మాట వాడొచ్చా?

శకటరేఫ: రెండు పాఠాలూ వినబడతాయి. ఛందస్సు తేల్చదు. రెంటిలోనూ పాదంలో ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు. ‘ప్రచక్షతే’లో క్ష ముందున్న చ గురువైపోయింది. అసలు తేలాల్సింది ఒత్తు. ఆహ్వానపత్రాల్లో ‘ఉపోద్గాతం’, ‘ఉపోధ్ఘాతం’ అని అచ్చేస్తున్నారు. ఉప, ఉత్ ఉపసర్గలు, ధాతువు హన్. ఘఞ్ అనే ప్రత్యయం చేరితే పాణిని సూత్రాల ప్రకారం హ ఘ అవుతుంది (7.3.54), న త అవుతుంది (7.3.32). ఒత్తు తీసేస్తే సామగానం చేసే ఉద్గాత వచ్చి కూర్చుంటాడు.

తాళపత్రం: ఒత్తు సరే, అర్థం మాటో? అమరకోశం «ఉపోద్ఘాత ఉదాహారః» అని ఊరుకుంది. శ్లోకం ఇంకా బిగించింది: ఎత్తుకున్న విషయం సిద్ధించడానికి కావలసిన ఆలోచనే ఉపోద్ఘాతం. నైయాయికులు (తర్కశాస్త్రజ్ఞులు) చెప్పే ఆరు సంగతుల్లో, అంటే ఒక విషయానికీ మరోదానికీ ఉండే సంబంధాల్లో, ఇదొకటి, ప్రసంగం ఇంకొకటి. గుర్తొచ్చింది కనక వదల్లేక చెప్పేది ప్రసంగం. మన అధ్యక్షులు చేసేది ప్రసంగమే, రెండర్థాల్లోనూ.

గళ్ళనుడికట్టు: నాటకాల్లో కథోద్ఘాతాన్ని మరిచారు. సూత్రధారుడి మాటనో, దాని భావాన్నో అందుకుని పాత్ర ప్రవేశిస్తుంది. రత్నావళిలో «ద్వీపాదన్యస్మాదపి» అంటూ యౌగంధరాయణుడు వచ్చేది అలాగే. శాకుంతలాన్ని ఇందులో కలపకండి, అది అవలగితమనే వేరే రకం.

అరసున్న: మరి తెలుగు కావ్యాల మొదట్లో ఉండేది?

తాళపత్రం: అది అవతారిక. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి (కావ్యం అంకితం పుచ్చుకునేవాడు) వంశవర్ణన, షష్ఠ్యంతాలు (ఆయనకు కృతి ఇస్తూ కి, కు లతో ముగిసే మాటలతో చెప్పే పద్యాలు). అన్నీ అందరిలో ఉండవు. నన్నయకు షష్ఠ్యంతాలే లేవు. ఈనాటి పరిష్కర్త దానికి ముందు చేర్చేది పీఠిక. దాన్నీ అవతారిక అంటే కవి నెత్తిన పరిష్కర్త మాటలు రుద్దినట్టే.

శకటరేఫ: అవతారికంటే పోతనదండీ! «పలికెడిది భాగవతమట, పలికించెడివాఁడు రామభద్రుండట». కృతిపతి రాముడే.

గళ్ళనుడికట్టు: పలికించినవాడు రాముడు, పుచ్చుకున్నవాడు కృష్ణుడు. «హారికి, నందగోకులవిహారికి» ఎవరికనుకున్నారు?

శకటరేఫ: ఇద్దరూ ఒకరే అనుకునే కవికి ఆ లెక్క దేనికి? అయినా కృతి ఇస్తున్నప్పుడు అది చతుర్థి కావాలిగా, షష్ఠ్యంతం అంటారేం?

తాళపత్రం: సంస్కృతం లెక్క ఇక్కడ చెల్లదు. తెలుగులో సంప్రదానానికి షష్ఠే వస్తుంది. కి, కు షష్ఠీ ప్రత్యయాలు. ‘కొఱకు’, ‘కై’ చతుర్థివి. ‘హారికై’ అనలేదుగా పోతన.

శకటరేఫ: ‘కై’లో ‘కి’ లేదంటారా?