మల్ ద్వీపంలో తెల్లతోక గద్దలు: గొర్రెపిల్లల నష్టం ఎవరు మోయాలి?

గ్లాస్గో కెమెరా:
పోయిన వారం ఫ్యామిలీతో స్కాట్లాండ్ పడమటి తీరంలోని మల్ ద్వీపం వెళ్లాం. ఊరి చివర తెల్లతోక గద్ద తల మీదుగా పోయింది, చాపిన రెక్కలు ఏడెనిమిది అడుగులుంటాయి. 1918లో షెట్లాండ్ దీవుల్లో చివరిదాన్ని కాల్చేశాక బ్రిటన్‌లోనే ఈ పక్షి లేదు. 1975 నుంచి నార్వే నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి రమ్ ద్వీపంలో వదిలితే, 1985లో ఈ మల్‌లోనే మొదటి పిల్ల ఎగిరింది. అలాంటి పక్షిని ఊరి షాపులో ఒక రైతు పీడ అన్నాడు. చాలా బాధేసింది.

పాలమూరు బిడ్డ:
నేను నాలుగేళ్లుగా అదే ద్వీపంలో హోటల్ కిచెన్‌లో పని చేస్తున్నా. మా ఇంటి ఓనర్ క్రాఫ్టర్, అంటే చిన్న కమతం రైతు, కొద్దిపాటి గొర్రెలు. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు ఈనుతుంటే ఆయనకు నిద్ర ఉండదు, పొద్దున్నే మంద లెక్కపెట్టి వచ్చినప్పుడు ఆ ముఖం చూడలేం. ఊళ్లో మా తాత మందలోంచి ఒక్క రాత్రిలో తోడేలు మూడు పిల్లల్ని ఎత్తుకుపోతే అడిగిన నాథుడు లేడు. ఆ బాధ నాకు తెలుసు.

గ్లాస్గో కెమెరా:
చలికీ వానకీ చచ్చిన గొర్రెపిల్లను తిన్నా గద్దే చంపింది అంటారు. గోళ్ల గాట్ల చుట్టూ చర్మం కింద రక్తం చేరితే బతికుండగా పట్టినట్టు, లేకపోతే చచ్చాక తిన్నట్టు. మీ ఓనర్ అది చూశారా?

పాలమూరు బిడ్డ:
పిల్లే మాయమైతే చర్మం ఎక్కడ చూడాలి?

గ్లాస్గో కెమెరా:
అంటే రుజువు లేదు.

అబర్డీన్ అక్క:
నేచర్‌స్కాట్ వాళ్లు, అదే స్కాట్లాండ్ ప్రభుత్వ ప్రకృతి సంస్థ, గద్దల స్కీమ్ కింద రైతులకు డబ్బులిస్తారు కదా, ఇంకా గొడవెందుకు?

పాలమూరు బిడ్డ:
అక్కా, ఆ డబ్బు మంద దగ్గర అదనంగా కాపలా కాయడం లాంటి పనులకు. పోయిన పిల్లకు ఇంత అని లెక్కకట్టి ఇవ్వరు.

గ్లాస్గో కెమెరా:
గద్దల్ని చూడటానికి వచ్చే మాలాంటి వాళ్ల వల్లే మీ హోటల్ నడుస్తోంది. అయినా రోడ్డు పక్కన కారు ఆపామని ఒకాయన మా పిల్లల ముందే అరిచాడు. చిన్నది ఏడ్చేసింది. అది మర్యాదేనా?

పాలమూరు బిడ్డ:
కారు పాసింగ్ ప్లేస్‌లో పెట్టారా?

గ్లాస్గో కెమెరా:
పది నిమిషాలే. విషయం అది కాదు.

పాలమూరు బిడ్డ:
అదే విషయం! ఒంటి వరస రోడ్డులో ఎదురెదురు బళ్లు తప్పుకునే చోటు అదొక్కటే. మీరు అక్కడ ట్రైపాడ్ వేసుకుంటే దాణా ట్రైలర్ ఎటు పోవాలి? మా ఓనర్‌కు గద్ద మీద పగ లేదు అన్నా, పిల్లకు కోడిపిల్లను చూపించినట్టు నాకు దాని గూడు చూపించింది ఆయనే. పక్షిని తెచ్చినప్పుడు మమ్మల్ని అడిగారా అన్నదే ఆయన బాధ. హోటల్‌కి డబ్బొస్తుంది, నాకూ జీతం వస్తుంది, నష్టం మాత్రం కొండ మీద మనిషిది.

గ్లాస్గో కెమెరా:
ఊరి వాళ్లను అడిగే పనైతే అది మళ్లీ వచ్చేదే కాదు. కాల్చిందీ విషం పెట్టిందీ మందలున్న వాళ్లూ వేట భూముల వాళ్లే కదా. పక్షి ఒక ఊరి సొత్తు కాదు.

అబర్డీన్ అక్క:
నష్టం కూడా ఆ ఒక్క ఊరిదే కాకూడదు మరి.

గ్లాస్గో కెమెరా:
పాసింగ్ ప్లేస్‌లో పెట్టడం నా తప్పే, ఆయనకు చెప్పండి. పిల్లకు ఇంత అని ఇవ్వాలంటే నా పన్నులోంచి ఇవ్వనీ, ఒప్పుకుంటా. గద్దను పీడ అంటే మాత్రం ఒప్పుకోను.