సింక్ ఆపేస్తే ఎన్‌ఎఫ్‌ఎస్ స్పీడు వస్తోంది, అలాగే వదిలేయొచ్చా?

ప్రశ్న: జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను ఒక పూల్‌గా కలిపే ఫైల్ సిస్టమ్) పూల్‌లో నాలుగు హార్డ్ డిస్కులు, రెండేసి చొప్పున మిర్రర్, 10 గిగాబిట్ నెట్‌వర్క్. వర్చువల్ మెషీన్లు ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీద నడుస్తున్నాయి. రైట్ స్పీడు సెకనుకు 15 ఎంబీ దాటదు. సింక్ (డేటా డిస్కుకు చేరాకే రాశానని చెప్పే సెట్టింగ్) డిజేబుల్ చేస్తే 300 వస్తోంది. యూపీఎస్ ఉంది.

జవాబు: వద్దండీ. అలా చేస్తే డేటా ఇంకా ర్యామ్‌లో ఉండగానే "రాసేశాను" అని సర్వర్ చెప్పేస్తుంది. డిస్కుకు చేరడానికి మామూలుగా 5 సెకన్ల దాకా పడుతుంది. ఆలోపు కెర్నల్ ప్యానిక్ వచ్చినా (ఆపరేటింగ్ సిస్టమే కుప్పకూలినా), పవర్ సప్లై కాలినా యూపీఎస్ ఏమీ చేయలేదు. పూల్ బాగానే ఉంటుంది, లోపలి డేటాబేస్ చెడిపోవచ్చు. కమిట్ అయిందనుకున్న క్లయింట్ మళ్లీ పంపదు కదా!

జవాబు: స్లాగ్ పెట్టండి, అంటే సింక్ రైట్లను ముందుగా రాసిపెట్టుకునే విడి లాగ్ డిస్కు. 10 గిగాబిట్ అంటే సెకనుకు 1.25 జీబీ, ఆ చొప్పున 5 సెకన్లకు 6 జీబీ పైచిలుకు, కాబట్టి 16 జీబీ ధారాళం. సైజు కాదు, పవర్ పోయినా డేటా నిలిపే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ కావాలి. అవి లేని చవక ఎన్‌వీఎంఈ ప్రతి ఫ్లష్‌కీ (డేటాను చిప్‌లో స్థిరంగా రాయించడానికి) నత్తనడక నడుస్తుంది. ఇది రైట్ క్యాష్ కాదు, క్రాష్ తర్వాత తప్ప దాన్ని ఎవరూ చదవరు.

జవాబు: లినక్స్ సర్వరైతే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ (ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ల సెట్టింగులుండేది) కూడా చూడండి. అక్కడ ఎసింక్ (డిస్కుకు చేరకముందే రాశానని చెప్పే సెట్టింగ్) ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సింక్ స్టాండర్డ్‌గా ఉన్నా అదే ప్రమాదం. మళ్లీ దించుకోగల ఐఎస్‌ఓ ఫైళ్లకు వేరే డేటాసెట్ (పూల్‌లో విడి సెట్టింగులుండే భాగం) పెట్టి, అక్కడ మాత్రం నిశ్చింతగా సింక్ ఆపేయండి.