నగరం చుట్టూ గీత గీస్తే పొలాలు మిగులుతాయా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పల్లెల నుంచి జనం నగరాలకు వస్తూనే ఉన్నారు, నగరాల అంచుల్లో పొలాలన్నీ ప్లాట్లయిపోతున్నాయి. ఒకసారి కాంక్రీటు కిందికి పోయిన సాగుభూమి మళ్లీ తిరిగి రాదు కదా. దేశం మొత్తానికి ఒకే చట్టం తెచ్చి, ప్రతి నగరం చుట్టూ ఒక గీత గీసి, దాని అవతల ఇటుక పేర్చకూడదంటే సరిపోదా? ఎక్కడైనా ఇలా చేసి చూశారా?

జవాబు 1:
దక్షిణ కొరియా చేసిందండి. 1971లో సియోల్ చుట్టూ గ్రీన్‌బెల్ట్, అంటే కొత్త కట్టడాలకు అనుమతి లేని పచ్చటి పట్టీ, మొదలుపెట్టి మరికొన్ని నగరాలకూ పెంచారు, దేశం భూమిలో సుమారు 5.4 శాతం దాని కిందికొచ్చింది. కొండలు, అడవులు మిగిలాయి, అది మంచిదే. కానీ వచ్చే జనం ఆగలేదు. లోపల ఇళ్ల రేట్లు పెరిగాయి, చివరికి 1989లో ప్రభుత్వమే బుందాంగ్ లాంటి కొత్త పట్టణాలు ప్రకటించింది, బుందాంగ్ గ్రీన్‌బెల్ట్ దాటాక ఉంటుంది. మధ్యలో పొలాలున్నవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి నలిగిపోయారు. భూమి పాత వాడకానికి కూడా పనికిరాకుండా పోయినప్పుడు పరిహారం ఇవ్వకుండా దాన్ని అలా కట్టిపడేయడం కుదరదని 1998లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది.

జవాబు 2:
నేనైతే గీత కంటే ముందు వలస వచ్చిన మనిషిని చూడమంటాను. చైనాలో 1958 నుంచి హుకోవు అని ఒక నమోదు పద్ధతి ఉంది. నగరంలో ఇరవై ఏళ్లు పనిచేసినా నమోదు పల్లెలోనే ఉంటే పిల్లల చదువు, వైద్యం అన్నీ ఇబ్బందే. అందుకని నగరంలో ఒక ఇరుకు గదిలో అద్దెకుంటూ, సంపాదించిందంతా ఊళ్లో ఇంటి మీద పెడతారు. ఆ ఇల్లు ఏడాదిలో పండక్కి నాలుగు రోజులు తెరుస్తారు, మిగతా రోజులు తాళమే. ఒకే కుటుంబం రెండు చోట్ల భూమి వాడుతోంది! అదే దేశం 12 కోట్ల హెక్టార్ల సాగుభూమి తగ్గకూడదని హద్దు పెట్టుకుంది, కానీ మనిషిని నగరంలో స్థిరపడనివ్వకుండా పల్లెలో భూమి ఎలా మిగులుతుంది చెప్పండి?

జవాబు 3:
ఆపడం కుదరనప్పుడు పద్ధతిగా పెరగనివ్వడమే మేలు. జపాన్‌లో నగరం అంచున దారి కూడా లేని సన్నటి పొలాలన్నీ కలిపేసి, ప్రతి యజమాని దగ్గరా కొంత తీసుకుని రోడ్లు, పార్కులు వేస్తారు, ఇంకొంత అమ్మి ఆ ఖర్చుకు వాడతారు. రైతుకు తిరిగొచ్చేది చిన్న ముక్కే, కానీ రోడ్డు పక్కన ఉంటుంది కాబట్టి విలువ ఎక్కువ. ఎవరినీ ఊరు నుంచి పంపేయక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇది నాకు నచ్చింది. మరి ఆ పొలాన్ని నోటి మాట మీద కౌలుకు చేస్తున్నవాళ్ల సంగతేంటి?

జవాబు 3:
నోటి మాట అయితే ఏమీ రాదండి. ఇలాంటి లెక్కలన్నీ కాగితం మీద హక్కున్నవాళ్లకే. వలస వెళ్లిన యజమాని నగరం నుంచి వచ్చి సంతకం పెట్టి ప్లాటు తీసుకుంటాడు, ఇన్నాళ్లూ దున్నిన మనిషి ఖాళీ చేతులతో తనూ నగరం బస్సెక్కుతాడు. అందుకే కౌలు నమోదు ముందు జరగాలి, భూములు కలపడం ఆ తర్వాతే.